వండినవాళ్ళే ముందు తినాలి

మా అమ్మాయిని మా ఆయన జల్లెడ అని పిలుస్తారు. నాలుగేళ్ళ పిల్లకు ఆ పేరెందుకు వచ్చిందో ఒక్క పూట మా ఇంట్లో కూర్చుంటే ఎవరికైనా తెలుస్తుంది. అన్నంలో ఒక్క ఆకుముక్క, అదీ నలిపి, కనీకనపడకుండా వేసినా దాని వేళ్ళకు దొరికిపోతుంది. రెండు వేళ్ళతో దాన్ని పైకి తీసి, కంచం అంచున పెట్టి, దొంగను పట్టుకున్న పోలీసులా నా వంక చూస్తుంది. ఆ తర్వాత కంచం ముందుకు తోసి లేచిపోతుంది.

ఇలాంటి పిల్ల ఏ గుమాస్తా ఇంట్లోనో పుడితే ఎవరికీ పట్టేది కాదు. మాది క్యాంటీన్. బస్సు డిపో గేటుకు ఎదురుగా అయిదు బల్లలు, ఒక కౌంటరు, వెనకాల వంటగది, పైన మేముండే రెండు గదులు. మా అత్తగారు వండుతారు, నేను కూరలు తరిగి వడ్డిస్తాను, మా ఆయన కౌంటరులో కూర్చుంటారు. డిపోలో ఉన్న డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు అందరూ మా అత్తగారి చేతి వంట తిన్నాకే డ్యూటీ ఎక్కుతారు. ఆవిణ్ణి అందరూ పెద్దమ్మ అంటారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా అత్తగారు రచ్చ ఎప్పుడో గెలిచేశారు. ఇంట్లోనే, జానెడు మనవరాలి ముందు, రోజూ ఓడిపోతున్నారు.

ఆవిడకో నియమం ఉంది. గిన్నె పొయ్యి మీద నుంచి దిగాక, కౌంటరు మీదకు రాకముందు, ఆవిడ అందరి ఎదుటా నిలబడి అందులోంచి ఒక ముద్ద తినాలి. ఎంత రద్దీ ఉన్నా, బస్సు హారన్ కొడుతున్నా సరే, ఆవిడ తిని గుటక వేసేదాకా ఎవరి కంచంలోనూ గరిటె పడదు. "వండినవాళ్ళే ముందు తినాలి. మనం తినలేనిది జనానికి పెట్టకూడదు" అంటారు. ఆ మాటలో వంక పెట్టడానికి ఏమీ లేదు. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆవిణ్ణి గౌరవించింది దానికే.

ఇంకో విద్య కూడా ఉంది ఆవిడ దగ్గర. మా వంటగదిలో కూర కాడకు కూడా చెత్తబుట్ట మొహం చూసే యోగం లేదు. కాడలు, ముదురాకులు, మిగిలిపోయిన ముక్కలు, అన్నీ మిక్సీలో వేసి మెత్తగా రుబ్బి పులుసులో కలిపేస్తారు. పులుసు చిక్కబడుతుంది, రుచి పెరుగుతుంది, తినేవాడికి తానేం తిన్నాడో తెలియదు. ఆవిడ చేతిలో పడితే క్యాబేజీ కూడా తాను క్యాబేజీనని ఒప్పుకోదు.

మా జల్లెడ మటుకు అయిదింటినే ఒప్పుకుంది. తెల్లన్నం, పెరుగు, ఉడికించిన బంగాళదుంప, పాలు, అరటిపండు. నేను వాటితోనే నెట్టుకొస్తున్నాను. పక్కన ఒక క్యారెట్ ముక్క పెడతాను, తింటే తింటుంది, లేకపోతే నేను తింటాను. దాంతో నాకు తగువు లేదు. డ్రైవర్లకే ఊరుకోబుద్ధి కాలేదు. ఒకరోజు గడ్డం డ్రైవరు చేయి కడుక్కుంటూ, మెట్ల మీద ఉత్త అన్నం తింటున్న మా పిల్లను చూశాడు.

"అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉందన్నట్టుంది పెద్దమ్మా, మీ మనవరాలి సంగతి! మీ వంట మాకేమో అమృతం, దానికేమో చేదా?"

అతను సరదాకే అన్నాడు. అందరూ నవ్వారు. మా అత్తగారు కూడా నవ్వారు గానీ, ఆ రోజంతా గరిటెలు చప్పుడు చేశాయి.

ఆ తర్వాతే మొదలైంది. ముందు బంగాళదుంప పోయింది. "ఇది దుంప కాదు" అంది పిల్ల, ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని. నేనూ తిని చూశాను, నాకు దుంపలాగే ఉంది. "దుంపేనమ్మా, ఒట్టు" అన్నాను. అది నా మొహంలోకి చూసి కంచం తోసేసింది. తర్వాత అన్నం పోయింది. తర్వాత పెరుగు. ప్రతిసారీ అదే ప్రశ్న, "అమ్మా, ఇందులో ఏముంది?" ప్రతిసారీ నాది ఒకటే జవాబు, "ఏమీ లేదు తల్లీ." చివరికి పాలగ్లాసు కూడా వాసన చూసి పక్కన పెట్టేసింది.

మిగిలింది అరటిపండు. అదీ తన చేత్తోనే వలవాలి. వలిచే ముందు పండు చుట్టూ తిప్పి, తొక్కకు ఎక్కడైనా చిల్లు ఉందేమోనని చూసేది. నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. నాలుగేళ్ళ పిల్ల అరటిపండును అలా అనుమానంగా చూడటం నేనెక్కడా చూడలేదు. డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళితే త్రాసు ఎక్కించి, "బరువు తగ్గిందమ్మా. ఇంతకుముందు తినేవి కూడా ఎందుకు మానేసింది? వచ్చే నెల మళ్ళీ చూస్తాను, అప్పటికీ ఇలాగే ఉంటే పరీక్షలు చేయించాలి" అంది.

డాక్టరమ్మ ప్రశ్నకు జవాబు వంటగదిలో దొరికింది. మధ్యాహ్నం రద్దీ తగ్గాక గిన్నెలు సర్దుతున్నాను. క్యాంటీన్‌కు వాడేది మిక్సీ పెద్ద జార్. చిన్న జార్‌తో మాకు పనే ఉండదు, పై అరలో బోర్లించి ఉంటుంది. ఆ రోజు అది నీళ్ళు కారుతూ గట్టు మీద ఉంది.

"ఈ చిన్న జార్ తడిగా ఉందేంటత్తయ్యా?"

"నేనేం కలపలేదు!" అన్నారు మా అత్తగారు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, కలపడం మాట నేనింకా ఎత్తనేలేదు.

"ఏం కలిపారు?"

"విషమేమీ కలపలేదులే! దుంపలో కాస్త కాలీఫ్లవర్. అన్నంలో సొరకాయ గుజ్జు. పెరుగులో బాదం పొడి, పాలల్లో ఖర్జూరం, ఇంకా ఆ బలం టానిక్కు రెండు చుక్కలు. తప్పా?"

"దానికి చెప్పి పెట్టొచ్చుగా?"

"చెబితే తింటుందా?"

"చెప్పకుండా పెడితే మాత్రం తిందా? తినే నాలుగూ మానేసింది. పైగా అడిగినప్పుడల్లా ఏమీ లేదని నేను ఒట్లు వేస్తున్నాను. నా కూతురి లెక్కలో అబద్ధాలకోరుని నేనయ్యాను!"

"అన్నం తినని పిల్ల మీద నాకూ ప్రేమ ఉంది. నువ్వొక్కదానివే కన్నట్టు మాట్లాడకు" అని ఆవిడ జార్ తీసి పై అరలో బోర్లించారు.

ఆ ప్రేమ అబద్ధం కాదని నాకు తెలుసు. అందుకే మరీ కోపం వచ్చింది. పగవాళ్ళయితే చేయి పట్టుకుని ఆపొచ్చు, ప్రేమతో చేసేవాళ్ళను ఏం పట్టుకుని ఆపాలి? ఆ రోజు నుంచి పిల్ల తిండి గిన్నెలు నా చేతిలోనే ఉంచుకున్నాను. కానీ నమ్మకం గిన్నె కడిగినంత తేలిగ్గా తిరిగి రాలేదు. కింద మిక్సీ తిరిగిన చప్పుడు వినిపిస్తే చాలు, పిల్ల పైనుంచి మెట్లు దిగి వచ్చి, వంటగది గుమ్మంలో నిలబడి చూసేది. క్యాంటీన్ కోసం ఉల్లిపాయలు రుబ్బుతున్నా సరే, ఆ పూట నా చేతి అన్నం ముట్టేది కాదు.

మా అత్తగారు ఊరుకోలేదు. కూతురికి ఫోన్ చేశారు.

మా వదిన, అంటే మా ఆయన అక్క, ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్. ఆవిడ గదిలోకి వస్తే కుర్చీలు కూడా వరసలో నిలబడతాయని మా ఆయన అంటారు. ఆదివారం మధ్యాహ్నం క్యాంటీన్‌కు సెలవు. ఆవిడ వచ్చి, బల్ల మీద ఒక ఖాళీ సంచి పెట్టి కూర్చున్నారు.

"దీని బట్టలు సర్దు" అన్నారు నాతో. "ఒక్క నెల నా దగ్గర ఉంటే లైన్లో పడుతుంది. మా హాస్టల్లో అంతమంది పిల్లలున్నారు, ఒక్కళ్ళ కంచంలో మెతుకు మిగలనివ్వను. మొక్కై వంగనిది మానై వంగుతుందా?"

"మా పిల్లను ఎక్కడికీ పంపను వదినా."

"నువ్వు గారం చేసే కొద్దీ అది ఏకు మేకవుతోంది. ఆకలి రుచెరుగదు. ఒక పూట మాడిస్తే అన్నీ అదే తింటుంది."

"మాడ్చే పనయితే మీదాకా ఎందుకు? అది ఇప్పటికే మాడుతోంది."

నేను మా ఆయన వంక చూశాను. ఆయన గోడ మీద పిల్లిలా, ఎటు దూకాలో తెలియక, కౌంటరు తుడుస్తున్నారు. "అక్క చెప్పేదీ మంచికేగా. ఒక్కసారి ప్రయత్నం చేసి చూస్తే..." అని సగంలో ఆపేశారు.

ఆ సగం మాట చాలింది వదినకు. బల్ల కింద అరటిపండు పట్టుకుని కూర్చున్న పిల్లను చేయి పట్టి లాగి ఒళ్ళో వేసుకున్నారు. రెండు మోకాళ్ళ మధ్య దాని కాళ్ళు బిగించారు. మా అత్తగారు ముందే సిద్ధం చేసిన గిన్నె అందించారు. చూడటానికి తెల్లన్నమే. వదిన ఎడమచేత్తో పిల్ల ముక్కు మూసి, కుడిచేత్తో చెంచా పెదాల దగ్గర పెట్టారు. "ఊపిరి కోసమైనా నోరు తెరుస్తుంది, చూడు" అన్నారు నాకు పాఠం చెబుతున్నట్టు.

మా జల్లెడ నోరు తెరవలేదు. మొహం ఎర్రబడింది, కళ్ళు నా కోసం వెతికాయి. చివరికి ఊపిరాడక తెరిచింది. చెంచా లోపలికి పోయింది. అది పొలమారి, దగ్గి, అంతా వదిన ఒళ్ళోనే కక్కేసింది.

"మళ్ళీ" అన్నారు వదిన, చెంచా నింపుతూ.

నేను ఆ చెంచా ఆవిడ చేతిలోంచి లాక్కున్నాను. ఎలా లాక్కున్నానో నాకు తెలియదు. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకూడదని మా అమ్మ నేర్పినదంతా ఆ క్షణాన గాలికి పోయింది.

"దించండి దాన్ని! ఇంకొక్కసారి నా పిల్ల ముక్కు మీద చేయి వేస్తే మర్యాదగా ఉండదు వదినా, చెప్తున్నా."

"ఏంటీ, నన్నే బెదిరిస్తున్నావా?"

"బెదిరించట్లేదు. వంతులు మారుస్తున్నాను. అది తింది, ఇప్పుడు మీరు తినండి."

పిల్లను దించుకుని, మూతి తుడిచి, కౌంటరు వెనక కూర్చోబెట్టాను. వంటగదిలోకి వెళ్ళాను. మిక్సీ తిప్పాను, బయటికి బాగా వినిపించేలా, ఒకసారి కాదు, రెండుసార్లు. తర్వాత ఒక గిన్నె మీద పళ్ళెం మూసి తెచ్చి బల్ల మీద పెట్టాను.

"కళ్ళు మూసుకుని నోరు తెరవండి వదినా."

"ఏముంది అందులో?"

"మంచిదే. బలానికి."

"ఏం రుబ్బావో చెప్పు."

"చెబితే మీరు తినరేమో!"

"నీకేమన్నా పిచ్చా? ఏం కలిపావో తెలియకుండా ఎవరైనా నోట్లో పెట్టుకుంటారా?"

"నాలుగేళ్ళ పిల్ల పెట్టుకోవాలా?"

నేను గిన్నె మా ఆయన వైపు జరిపాను. ఆయన గుడ్డ కింద పెట్టి, "పొద్దున్నుంచి నాకు కడుపు అదోలా ఉందే" అన్నారు. పదేళ్ళుగా నేను వడ్డిస్తే తింటున్న మనిషి!

"ఇటు తే" అన్నారు మా అత్తగారు. "పొయ్యి ముందే నెరిసింది నా తల. నోట్లో పెడితే ఏముందో చెప్పలేనా? నీ ఆటలు నా దగ్గరా?"

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. నేను చెంచాడు పెట్టాను. ఆవిడ వెంటనే మింగలేదు. నాలుకతో అటూ ఇటూ తిప్పారు. కనుబొమలు ముడిపడ్డాయి.

"వాము... ఊహూఁ. మెంతిపొడి వేశావు. సన్నగా చేదు తగులుతోంది."

"ఇంకో చెంచా తినండి."

ఇంకొకటి తిన్నారు. ఈసారి ఇంకా మెల్లగా, ఏదో ముల్లు ఉన్నట్టు భయం భయంగా నమిలారు.

"ఏదో ఆకు. పచ్చివాసన. ఏదో ఉంది గానీ అందట్లేదు. చెప్పు, ఏంటది?"

"అన్నం, పెరుగు, ఉప్పు."

"అబద్ధం."

"అంతే అత్తయ్యా."

"నేను నమ్మను. మిక్సీ తిరగడం నా చెవులతో విన్నాను."

నేను లోపలికి వెళ్ళి, మిక్సీ మీదున్న చిన్న జార్ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ వేలు లోపల పెట్టి చుట్టూ తిప్పి చూసుకున్నారు. జార్ పొడిగా ఉంది. వేలు పొడిగా బయటికి వచ్చింది. ఆవిడ ఆ వేలి వంకే చూస్తూ ఉండిపోయారు.

"ఉత్త మిక్సీ తిప్పాను. ఆ ఒక్క చప్పుడికే మీకు అన్నంలో చేదు తగిలింది, ఆకు తగిలింది. ఏమీ లేదని చెప్పినా నమ్మలేకపోయారు. ఇన్నేళ్ళు వంట చేసిన మీకే ఇలా ఉంటే, మూడు వారాలుగా అదెలా తినాలి అత్తయ్యా? ఊళ్ళో ఉన్న డ్రైవర్లకు పెట్టే ప్రతి కూరా మీరు ముందు తిని పెడతారు. ఆ టానిక్కు వేసిన పాలు ఒక్క గుక్క తాగి చూశారా?"

తాగలేదని నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. కౌంటరు మీదకు వెళ్ళే గిన్నెకే ఆవిడ నియమం, ఇంట్లో పిల్ల గ్లాసుకు అది వర్తిస్తుందని ఆవిడకు తట్టనేలేదు.

వదిన లేచి చీర దులుపుకున్నారు. "మొండి తల్లికి మొండి పిల్ల."

"మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు వదినా. ఈ ఇంట్లో ఇద్దరం ఉన్నాం."

"రేపు అది ఎండి పుల్లయితే నా దగ్గరకు రావద్దు."

"రాను. తిన్నా నా పిల్లే, తినకపోయినా నా పిల్లే. బరువు తగ్గినా పెరిగినా నా చంకనే ఎత్తుకుంటాను. దాన్ని నా ఎదురుగా ఇలా నొక్కిపట్టి తినిపిస్తే చూస్తూ ఊరుకునేదాన్ని మాత్రం కాను, అది మీరైనా, అత్తయ్యైనా, దీన్ని కన్న తండ్రైనా సరే."

చివరి మాటకు మా ఆయన తలెత్తారు. కౌంటరు దాటి వచ్చి, బల్ల మీది ఖాళీ సంచి మడిచి, "అక్కా, పద, బస్సుదాకా వస్తాను" అన్నారు. గోడ మీద పిల్లి దూకింది. ఆలస్యంగానైనా నా వైపే దూకింది, అందుకు ఆయన్ను ఆ రాత్రికి క్షమించాను.

వాళ్ళు వెళ్ళాక క్యాంటీన్‌లో ఫ్యాను చప్పుడే మిగిలింది. మా అత్తగారు బల్ల దగ్గరే కూర్చున్నారు, ఎదురుగా ఆ అన్నం గిన్నె. గెలిచినట్టు ఏమీ లేదు నాకు. అంత అరిచినా, పిల్ల కడుపులోకి ఒక్క మెతుకు పోలేదు.

కౌంటరు వెనక నుంచి మా జల్లెడ మెల్లగా బయటికి వచ్చింది. బల్ల దగ్గర ఆగి, మునివేళ్ళ మీద లేచి, గిన్నెలోకి చూసింది.

"ఎవరు చేశారు?"

"నేనే చేశాను."

"ఏముంది?"

"అన్నం, పెరుగు, ఉప్పు."

ఈసారి అది గిన్నె వైపు చూడలేదు, నా మొహంలోకి చూసింది. అంతసేపు నన్నెవరూ అలా చూడలేదు. తర్వాత కుర్చీ ఎక్కి, చేయి పెట్టి, చిన్న ముద్ద చేసింది. తినడానికి కాదు. చేయి నా వైపు చాపింది.

"నువ్వు ముందు."

మెట్ల మీద కూర్చుని రోజూ నాన్నమ్మను చూస్తూ నేర్చుకుందన్నమాట. నేను వంగి తిన్నాను. అది నా గొంతు వైపే చూస్తూ, గుటక దిగేదాకా ఆగింది. తర్వాత ఇంకో ముద్ద చేసి ఆవిడ వైపు తిరిగింది.

"నాన్నమ్మా, ఏం కలపలేదు. నిజంగా."

మా అత్తగారి పెదవి అదిరింది. నోరు తెరిచారు. ఈసారి నాలుకతో ఏదీ వెతకలేదు, మామూలుగా నమిలి మింగారు. కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. కానీ వంట మనిషి వంట మనిషే, నోరు ఊరుకోలేదు.

"ఉప్పు కాస్త తగ్గింది" అంటూ అలవాటుగా లేచి, ఉప్పు డబ్బా తెచ్చి, చిటికెడు తీసి గిన్నె మీదకు పట్టారు.

పిల్ల చిన్నచేయి గిన్నె మీద అడ్డం పెట్టింది.

"చెప్పి వెయ్యి."

ఆవిడ చేయి గాల్లో ఆగింది. మా అత్తగారు ఆ చిటికెడు తిరిగి డబ్బాలో వేసి, డబ్బా మొత్తం పిల్ల ముందు దించారు. డిపో అంతటికీ పెద్దమ్మ అయిన మనిషి వంగి చెప్పారు.

"ఇది ఉప్పు తల్లీ. కొంచెం వెయ్యనా?"

అది వేలు అద్ది నాకి చూసింది. తలూపింది.

"వెయ్యి" అని చేయి తీసి, మూడో ముద్ద తన కోసం చేసుకుంది.